ఎస్‌టీఎస్ చేయాలని ఉంది, గైడ్ దొరకడం లేదు. సీనియర్లు దయచేసి చెప్పండి

ఉట్నూరు_అమ్మాయి (ఎంబీబీఎస్ రెండో సంవత్సరం)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చదువుతున్నాను. మాది ఉట్నూరు దగ్గర ఒక తాండా. పదో తరగతి వరకు ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం. మా తాండా నుంచి మెడిసిన్‌లో చేరింది నేనే మొదటిదాన్ని.

పోయిన వారం లైబ్రరీలో ఒక సీనియర్ అక్క ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, అంటే ఎస్‌టీఎస్ గురించి చెప్పింది. ఎంబీబీఎస్ చదివేవాళ్లు రెండు నెలలు చిన్న పరిశోధన చేయొచ్చని, పూర్తి చేస్తే సర్టిఫికెట్, 50 వేలు స్టైపెండ్ వస్తాయని అంది. మరుసటి రోజే ఒక సార్ దగ్గరికి వెళ్లి అడిగాను. "ముందు పాథాలజీ పాసవ్వమ్మా, ఇవన్నీ తర్వాత" అన్నారు. ఆయన నా మంచికే అన్నారేమో. కానీ ఆ రోజు నుంచి ఇంకెవరినీ అడగడానికి ధైర్యం చాలడం లేదు. మా బ్యాచ్‌లో ముగ్గురికి అప్పుడే గైడ్లు కుదిరారు. వాళ్ల అమ్మానాన్నలు డాక్టర్లు, ఒక ఫోన్‌తో అయిపోయింది. మా నాన్న పత్తి రైతు. ఆయనకు నేను ఏ సంవత్సరంలో ఉన్నానో కూడా సరిగ్గా తెలియదు.

అసలు రెండో సంవత్సరంలో చేయొచ్చా? గైడ్‌ని ఎలా అడగాలి? ఇంగ్లిష్‌లో ప్రపోజల్ రాయాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏ టాపిక్ తీసుకోవాలో కూడా తెలియడం లేదు.

పాలమూరు_ఫైనలియర్

చెల్లీ, రెండో సంవత్సరంలో హాయిగా చేయొచ్చు. హౌస్ సర్జన్లకే అవకాశం లేదు. కాబట్టి "తర్వాత చూద్దాం" అనుకుంటూ పోతే ఒక రోజు నిజంగానే ఆలస్యం అయిపోతుంది.

నాది మొదటిసారి రిజెక్ట్ అయింది. ఎందుకో చెప్తాను, నువ్వు ఆ తప్పు చేయకు. టైటిల్ చివర మా కాలేజీ పేరు పెట్టాను. థీసిస్‌లలో అలాగే ఉంటుంది కదా, చూసి నేర్చుకున్నాను. కానీ ఎస్‌టీఎస్ ప్రపోజల్‌లో స్టూడెంట్ పేరు, గైడ్ పేరు, కాలేజీ పేరు ఎక్కడా కనిపించకూడదు. చదివేవాళ్లకు ఎవరు రాశారో తెలియకూడదన్నది వాళ్ల నియమం. "ఒక టర్షరీ కేర్ ఆసుపత్రిలో" అని రాస్తే చాలు. ఆ ఒక్క లైన్ వల్ల నాకు ఏడాది పోయింది. రూల్స్ పేజీ మొత్తం చదవమని చెప్పేవాళ్లు ఒక్కరున్నా అలా జరిగేది కాదు.

ఆ రూల్ నీలాంటి వాళ్లకు ఎంత మంచిదో చూడు. ప్రపోజల్ చదివేవాళ్లకు నువ్వు ఏ కాలేజీయో, ఎవరి అమ్మాయివో తెలియదు. నీ ప్రశ్న మాత్రమే కనిపిస్తుంది.

డా_సోంపేట (అసిస్టెంట్ ప్రొఫెసర్, కమ్యూనిటీ మెడిసిన్)

అమ్మా, నీ పోస్టు చదివాక డ్యూటీ మధ్యలోనే కూర్చుని రాస్తున్నాను. నేనూ ఉద్దానం పల్లె నుంచి వచ్చినవాణ్నే. 2017లో ఎస్‌టీఎస్ చేశాను, అప్పుడు స్టైపెండ్ 20 వేలు. ఈ పథకం 1979 నుంచి ఉంది. అయినా ప్రతి ఏటా మా జూనియర్లలో సగం మందికి దాని పేరు తెలియకుండానే చివరి తేదీ దాటిపోతోంది. తెలిసినవాళ్ల పిల్లలకు తెలుస్తుంది, మిగతావాళ్లకు తెలియదు. అంతే తేడా. తెలివిలో తేడా లేదు.

గైడ్ సంగతి. నీ గైడ్ మీ కాలేజీలోనే రెగ్యులర్‌గా పనిచేసే ఫ్యాకల్టీ అయి ఉండాలి. ఒక గైడ్ ఒక విద్యార్థినే తీసుకోవాలి. అందుకే ముందుగా అడిగినవాళ్లకు దొరుకుతారు. పెద్ద ప్రొఫెసర్ల దగ్గరికే వెళ్లాలని లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్లను అడుగు, ముఖ్యంగా ఎస్పీఎం (కమ్యూనిటీ మెడిసిన్), ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ విభాగాల్లో. వాళ్లకు ఓపీ ఒత్తిడి తక్కువ, కూర్చుని మాట్లాడే సమయం ఉంటుంది. వెళ్లేటప్పుడు "సర్, నాకు టాపిక్ ఇవ్వండి" అని ఖాళీ చేతులతో వెళ్లకు. ఒక పేజీలో నీ ప్రశ్న, ఎవరిని అడుగుతావు, ఎంతమందిని, ఎక్కడ, అన్నీ రాసుకుని వెళ్లు. తప్పులున్నా పర్లేదు. ఆ పేజీ చూస్తే ఈ అమ్మాయి పని చేస్తుందని వాళ్లకు అర్థమవుతుంది. ఒకరు వద్దంటే రెండోవారు, రెండోవారు వద్దంటే మూడోవారు. నన్ను నలుగురు వద్దన్నారు.

ఇక టాపిక్. 1930లలో అప్పటి నెల్లూరు జిల్లాలో ఎద్దులు కీళ్లు బిగుసుకుని నడవలేకపోతున్నాయని ముందు గమనించింది రైతులు. 1937లో డాక్టర్లు అక్కడి మనుషుల్లో, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి పరిశోధన పత్రం రాశారు. మన దేశంలో ఆ జబ్బు గురించి తెలిసింది అలాగే. నల్లగొండ పిల్లల కాళ్లు వంకరపోవడం మీద మన హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 1973లో రాసిన పేపర్ లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. పల్లెలో కళ్లముందు కనిపించేదే ప్రశ్న. చిన్నప్పటి నుంచి మీ తాండాలో చూస్తూ "ఇది ఎందుకిలా?" అని నువ్వు అనుకున్నది ఏదైనా ఉందా? అది చెప్పు. అక్కడి నుంచి మొదలుపెడదాం.

నీట్‌పీజీ_2027

నా మాట కాస్త కటువుగా ఉండొచ్చు, క్షమించండి. పీజీ సీటు నీట్ పీజీ ర్యాంకుతో వస్తుంది. ఎస్‌టీఎస్‌కి ఒక్క మార్కు కూడా కలవదు. మొదటి తరం విద్యార్థికి వెనక ఆసరా ఉండదు, ఒక సబ్జెక్టు పోతే ఇంట్లో ఎంత కష్టమో నాకు తెలుసు, నేనూ అలాంటి ఇంటి నుంచే వచ్చాను. రెండు నెలల సెలవుల్లో పాథాలజీ, ఫార్మా గట్టిగా చదువుకుంటే అదే మేలు.

తిరుపతి_లావణ్య (హౌస్ సర్జన్)

అన్నా, మార్కులు కలవవన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ నేను ఎస్‌టీఎస్ చేశాక జరిగినది ఒకటి చెప్తాను. అంతకుముందు పాఠ్యపుస్తకంలో "ప్రివలెన్స్ 30 శాతం" (వందలో 30 మందికి ఆ జబ్బు ఉందని) అని ఉంటే బట్టీ పట్టేదాన్ని. తర్వాత ఆ అంకె ఎవరి దగ్గర, ఎలా తీసుకున్నారు, ఎంతమందిలో అని అడగడం మొదలైంది. కమ్యూనిటీ మెడిసిన్ నాకు ఆ ఏడాదే అర్థమైంది. సీటు రావడం ఒక సంగతి, ఎలాంటి డాక్టర్ అవుతామన్నది ఇంకో సంగతి.

చెల్లీ, నీకు డబ్బుల గురించి ముందే చెప్తున్నాను, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు. ఆ 50 వేలు ముందుగా రావు. పని పూర్తయ్యాక రిపోర్టు పంపాలి, అది ఆమోదం పొందాకే సర్టిఫికెట్, డబ్బు. కిట్లకు, జెరాక్స్‌కు, ప్రయాణానికి వేరే గ్రాంటు ఉండదు. నా సమయంలో సెలవులకు మెస్ మూసేశారు. రెండు నెలలు బయట తిన్నాను. కన్సెంట్ ఫారాలు (అంగీకార పత్రాలు), ప్రశ్నావళి జెరాక్స్‌లు, బస్సు, తిండి కలిపి మా అక్క గాజులు తాకట్టు పెట్టిన డబ్బుతో గడిచింది. అలాంటి పరిస్థితి నీకు రాకూడదు. ఖర్చు లేని టాపిక్ ఎంచుకో. కొత్త రక్తపరీక్షలు వద్దు, ఆసుపత్రిలో ఎలాగూ చేసే పరీక్షల ఫలితాలు వాడుకో. హాస్టల్‌లో ఉండటానికి వార్డెన్ గారికి గైడ్ సంతకంతో లెటర్ ముందే ఇవ్వు.

ఉట్నూరు_అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. చదువుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. నీట్ అన్న చెప్పింది కూడా రాసి పెట్టుకున్నాను, పాథాలజీ వదలను.

సోంపేట సర్, మీరు అడిగారు కదా, ఒకటి ఉంది. మా వదినకు కడుపుతో ఉన్నప్పుడు ఆశా అక్క ఎర్ర ఐరన్ మాత్రలు ఇచ్చేది. రోజుకొకటి వేసుకోవాలి. డెలివరీ అయ్యాక ఇల్లు సర్దుతుంటే సందూకలో చీరల కింద ఆ షీట్లు దొరికాయి, చాలావరకు విప్పనే లేదు. అడిగితే విరేచనం నల్లగా వస్తోంది, లోపల ఏదో పాడైందని భయపడ్డానంది. ఇంకో అత్త మాత్ర వేసుకుని వెంటనే టీ తాగుతుంది, లేకపోతే వికారం అంటుంది. వాళ్లెవరూ ఆశా అక్కకు చెప్పలేదు. అడిగితే "వేసుకుంటున్నా" అంటారు. నాకు మాత్రం మా లంబాడా భాష గోర్ బోలిలో అన్నీ చెప్పారు. ఇది టాపిక్ అవుతుందా సర్? మరీ చిన్న విషయమా?

డా_సోంపేట

అమ్మా, ఇది చిన్న విషయం కానే కాదు. ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) లెక్క ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కింద గర్భిణికి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇవ్వాలి. రిజిస్టర్‌లో "ఇచ్చాము" అని ఉంటుంది. ఇచ్చినవి కడుపులోకి వెళ్లాయా, సందూకలోకి వెళ్లాయా అన్నది రిజిస్టర్ చెప్పదు. నువ్వు అడగబోయేది అదే.

తాండాల్లోకి వెళ్లి చేయాలని నీకు ఉంటుంది. మొదటిసారి వద్దు. రెండు నెలల్లో ప్రయాణాలకే సగం పోతుంది. మీ ఆసుపత్రి గర్భిణుల ఓపీలో కూర్చో, మీ వైపు ఆడవాళ్లు అక్కడికే వస్తారు. హిమోగ్లోబిన్ అక్కడ ఎలాగూ చేస్తారు, కార్డు మీద రాస్తారు. 11 కంటే తక్కువ ఉంటే గర్భిణిలో రక్తహీనత కింద లెక్క. నువ్వు అడగాల్సింది రెండే. గడిచిన వారంలో ఎన్ని మాత్రలు వేసుకున్నారు, వేసుకోకపోతే ఎందుకు. "రోజూ వేసుకుంటున్నారా?" అని అడగకు, అందరూ అవుననే అంటారు. "ఈ వారం ఏ రోజు మర్చిపోయారు?" అని అడుగు.

ఎంతమందిని అడగాలి అన్నదానికి మన ఎస్పీఎం పుస్తకంలోని సూత్రమే. నాలుగు పీ క్యూ, కింద ఎల్ స్క్వేర్. పీ అంటే మాత్రలు సరిగ్గా వేసుకునేవాళ్ల శాతం, క్యూ అంటే వందలో మిగతా శాతం, ఎల్ అంటే మనం ఒప్పుకునే తేడా. ముందటి అధ్యయనాల్లో సరిగ్గా వేసుకుంటున్నవాళ్లు ఎంత శాతమో చూసి ఆ అంకె పెట్టాలి. ఉదాహరణకు అది 50 అనుకుంటే, 10 శాతం తేడా ఒప్పుకుంటే, 4 × 50 × 50 ను 100తో భాగిస్తే 100 మంది వస్తారు. అదే 5 శాతం తేడాకే కట్టుబడితే 400 మంది కావాలి, రెండు నెలల్లో నీ వల్ల కాదు. వంద మంది అయితే ఓపీ ఉన్న రోజుల్లో రోజుకు ముగ్గురు చొప్పున 40 రోజుల్లో 120 మందిని కలుస్తావు, మధ్యలో వద్దన్నవాళ్లు పోయినా సరిపోతుంది. ఇలా లెక్క వేసి చూపిస్తే ఏ గైడ్ అయినా కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి లేకుండా ఒక్కరిని కూడా అడగకూడదు, ప్రశ్నలే కదా అనుకోకు. చాలా కాలేజీల్లో కమిటీ ఎప్పుడో గాని కూర్చోదు. ఎస్‌టీఎస్ ఎంపిక ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా గైడ్ కుదిరిన వారంలోనే కాగితాలు ఇచ్చెయ్.

భద్రాద్రి_సిస్టర్ (స్టాఫ్ నర్సు)

తల్లీ, నేను పరిశోధనలు చేసినదాన్ని కాదు. పదిహేనేళ్లుగా కోయ ఊళ్ల నుంచి వచ్చే గర్భిణులను చూస్తున్నాను. ఒక మాట చెప్పాలనిపించింది.

పెద్ద చదువుల వాళ్లు ఫారాలు పట్టుకుని వస్తారు, రక్తం తీసుకుంటారు, వేలిముద్ర వేయించుకుంటారు, వెళ్లిపోతారు. ఏం తేలిందో మా ఆడవాళ్లకు ఎప్పటికీ తెలియదు. నువ్వు అలా చేయకు. నీతో మాట్లాడిన ప్రతి మనిషికి ఆమె హిమోగ్లోబిన్ ఎంతో, అంటే ఏమిటో చెప్పు. నల్ల విరేచనం మాత్ర వల్లే, భయం లేదని చెప్పు. టీకి, మాత్రకు మధ్య గంటో రెండు గంటలో ఆగమని చెప్పు. కాకపోతే ముందు నీ ప్రశ్నలన్నీ అయ్యాకే ఇవి చెప్పు, లేకపోతే జవాబులు మారిపోతాయి. తక్కువ రక్తం ఉన్నవాళ్లను చేయి పట్టుకుని డాక్టరమ్మ గదికి తీసుకుపో.

అత్తగారు పక్కన ఉంటే కోడలు నోరు విప్పదు. వేరే కూర్చోబెట్టి మాట్లాడు.

డా_సోంపేట

సిస్టర్ గారూ, మీరు చెప్పినదాన్ని నా విద్యార్థులందరికీ చూపిస్తాను. చివరి మాట ప్రపోజల్‌లోనే రాయాలి: "ఇంటర్వ్యూ విడిగా, గోప్యంగా తీసుకుంటాం" అని. చదువురానివాళ్లకు కన్సెంట్ ఫారం చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకోవాలి. ఆ సాక్షి నీ స్నేహితురాలు కాకూడదు, అమ్మా.

కేయూ_మైక్రో (బీఎస్సీ)

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను వరంగల్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. మాలాంటి డిగ్రీ వాళ్లకు ఆరోగ్య పరిశోధనలో వేసవిలో ఏమైనా ఉందా? మా కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపులు కూడా సరిగ్గా లేవు.

పాలమూరు_ఫైనలియర్

తమ్ముడూ, ఎస్‌టీఎస్ మెడికల్, డెంటల్ వాళ్లకే. నువ్వు మూడు అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ చూడు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), ప్రయాగ్‌రాజ్‌లోని నాసీ (నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్) కలిసి ఇస్తాయి. రెండు నెలలు దేశంలోని ఏదో ఒక మంచి ల్యాబులో ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్, రానుపోను రైలు చార్జీ ఇస్తారు. వేసవికి పిలుపు ముందటి ఏడాది చివర్లోనే వస్తుంది, మార్చిలో వెతికితే అయిపోయి ఉంటుంది. నువ్వు ఎందుకు చేయాలనుకుంటున్నావో చిన్న రైటప్, ఒక లెక్చరర్ సిఫారసు లేఖ కావాలి. రైటప్‌లో "నాకు చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం" అని రాయకు. ఏ జీవి మీద, ఏ ప్రశ్న మీద పని చేయాలనుందో రాయి. మీ ల్యాబులో లేనిదాని గురించి సిగ్గుపడకు, ఉన్నదానితో ఏం చేశావో రాయి.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, తార్నాకలో ఎన్ఐఎన్, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లలో శిక్షణ ప్రకటనల పేజీ నెలకోసారి చూడు.

ఎడిసన్_తెలుగు (అమెరికాలో రెసిడెంట్)

ఇక్కడ కూడా ఇలాంటి పథకాలు ఉన్నాయి. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ డబ్బుతో వేసవి కార్యక్రమం ఒకటి 1989లో మైనారిటీ విద్యార్థుల కోసం మొదలైంది. తర్వాత దాని పేరు ఎస్‌హెచ్‌పీఈపీగా మారింది, కాలేజీ మొదటి రెండేళ్లవాళ్లకు ఉచితంగా నడిచింది. కానీ వైద్యంలో తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాలు అని ఇక్కడ అన్నప్పుడు మనవాళ్లు అందులోకి సాధారణంగా రారు, ఎందుకంటే ఇక్కడి డాక్టర్లలో భారతీయులు చాలామంది. అదే భారతీయుల్లో ఒక తాండా అమ్మాయి ఎంత అరుదో ఆ లెక్కలో కనిపించదు. ఎన్ఐహెచ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) సమ్మర్ ఇంటర్న్‌షిప్ కూడా ఇక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, "విదేశీ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్" అని లక్షలు అడిగే ప్రకటనలు ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపిస్తున్నాయి. మా బంధువుల అబ్బాయి ఒకడు అప్పు చేసి కట్టాడు, చేతికి వచ్చింది ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్. డబ్బు కడితే పేపర్ మీద పేరు వేస్తామనేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి దగ్గరికి పోకండి. మీరు చేసిన వంద మంది అధ్యయనమే మీది.

తిరుపతి_లావణ్య

ఇంగ్లిష్ భయం గురించి ఎవరూ రాయలేదు. నేనూ తెలుగు మీడియమే. ముందు నీ ప్రపోజల్ తెలుగులో రాయి, అక్షరం తగ్గకుండా. తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్ చెయ్. పరిశోధన ఇంగ్లిష్ కష్టమైనది కాదు, ఒకే రకం వాక్యాలు తిరిగి తిరిగి వస్తాయి. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పది పేపర్లలో మెథడ్స్ భాగం మాత్రం చదువు, పట్టు దొరుకుతుంది. వాక్యాలు ఎత్తి పెట్టకు, కాపీ దొరికితే రిజెక్ట్ చేస్తారు. చెన్నై ఎన్ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) వాళ్ల హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ వీడియో పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. నేను మెస్‌లో తింటూ రోజుకొకటి చూసేదాన్ని.

నీట్‌పీజీ_2027

చెల్లీ, ఈ థ్రెడ్ మొత్తం చదివాను. నీ టాపిక్ చదివాక నా మాట మార్చుకుంటున్నాను. చెయ్. పాథాలజీ నోట్సు నా దగ్గర చేతిరాతలో ఉన్నాయి, స్కాన్ చేసి పంపిస్తాను. ఓపీలో ఆడవాళ్ల కోసం ఎదురుచూసే సమయంలో చదువుకోవచ్చు.

ఉట్నూరు_అమ్మాయి (మూడు వారాల తర్వాత)

గైడ్ దొరికారు! ఎస్పీఎం అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్. ముందు ఇద్దరు వద్దన్నారు. మూడోసారి మీరు చెప్పినట్టు ఒక పేజీ తీసుకెళ్లాను. మేడమ్ నిలబడే చదవడం మొదలుపెట్టి, సందూక సంగతి దగ్గరికి వచ్చాక కూర్చున్నారు. "ఈ ప్రశ్న నాకు పదేళ్లలో తట్టలేదు" అన్నారు. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయనకు ఎస్‌టీఎస్ అర్థం కాలేదు గానీ "మన ఆడోళ్లకు పనికొస్తదా బిడ్డా?" అని అడిగారు.

ప్రశ్నావళి తెలుగులో అయిపోయింది, గోర్ బోలిలో కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. నాకొచ్చిన సందేహం ఒకటే. ప్రశ్నలు అర్థమవుతున్నాయో లేదో చూడటానికి మా వదిననూ ఇంకో నలుగురినీ అడగొచ్చా? వాళ్లను కూడా వందలో కలపొచ్చా?

డా_సోంపేట

శుభాకాంక్షలు అమ్మా. మీ నాన్నగారి ప్రశ్నను ప్రపోజల్ మొదటి పేరాలో జవాబుగా రాయి.

మాటలు అర్థమవుతున్నాయా అని మీ వదినను అడిగి చూడు, ఇంట్లోనే, ఏ వివరాలూ రాసుకోకుండా. మిగతా నలుగురిని పైలట్ (ముందస్తు పరీక్ష) కింద ఓపీలో అడగాలంటే కమిటీ అనుమతి వచ్చాకే, ఆ పైలట్ సంగతి కూడా దరఖాస్తులో పెట్టు. ఎవరినీ వందలో కలపకు, ప్రశ్నలు మారతాయి కాబట్టి. గోర్ బోలి ఫారాన్ని నీకు తెలియని ఇంకో లంబాడా చదువుకున్నామెతో తిరిగి తెలుగులోకి చెప్పించు. రెండు తెలుగులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది.

ఉట్నూరు_అమ్మాయి

సరే సర్. మా పక్క తాండాలో అంగన్‌వాడీ టీచర్ అక్క ఉంది, ఆదివారం వెళ్లి ఆమెతో చెప్పిస్తాను. సోమవారం మేడమ్‌తో కలిసి కమిటీకి కాగితాలు ఇస్తున్నాం.